పదకొండు జీబీల కోడిపుంజు

మే 3

ఫోన్‌లో నోట్సు తెరిచి నాలుగు ముక్కలు రాసుకుందామంటే "చోటు చాలదు" అంది. నాలుగు ముక్కలకు ఎంత చోటు పడుతుందని అడుగుదామంటే వినే చెవి దానికి లేదు. అందుకని నేను దీపాలిచ్చే లాంప్ రూమ్ పాత రిజిస్టరు తిరగేసి వెనక పేజీల్లో పెన్సిల్‌తో రాస్తున్నాను. ముందు పేజీల్లో ఎవరు ఏ రోజు ఏ దీపం పట్టుకుపోయారో ఉంటుంది. వెనక పేజీల్లో నా గోడు ఉంటుంది.

తలుపుల ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. ఈ నెల ఇరవై నుంచి మేముండే ఈ పాత బొగ్గు బాయిలో వేడిని ఆపే గాలి తలుపులన్నీ కొత్త పద్ధతికి మారతాయట. అప్‌డేట్ వేసుకోని ఫోన్ ఆనిస్తే తలుపు తెరుచుకోదట. నా గదికీ లాంప్ రూమ్‌కీ మధ్య మూడు తలుపులు, నీళ్ల పంపుకు రెండు. అప్‌డేట్ సైజు తొమ్మిది జీబీ. నా ఫోన్‌లో ఖాళీ సున్నా పాయింట్ నాలుగు.

మే 4

ఇవాళ ఫోన్ కడుపులో ఏముందో కూర్చుని చూశాను. మొత్తం అరవై నాలుగు జీబీలు. కొత్త ఫోన్లు బాయిలోకి దిగడం నా పెళ్లినాటికే ఆగిపోయింది కాబట్టి ఇదే నా మొదటి ఫోను, ఆఖరి ఫోను.

సిస్టం పంతొమ్మిది. అది ముట్టుకోనివ్వదు. "ఇతరములు" ఏడు. అదేమిటో ఎవరికీ తెలియదు, నొక్కితే తెరుచుకోదు, ఏడు జీబీలు మింగి బండరాయిలా కూర్చుంది. నా సొంత సరుకు ఆరున్నర. మిగిలిన ముప్పై ఒకటీ తెల్లారు బొమ్మలు.

నేల కింద మూడో అంతస్తు, మా మూడో మట్టంలో తెల్లవారడం కంటికి కనిపించదు. అందుకే పైన ఎండకు తాళలేక కిందికి దిగిన కొత్తలో ఎవరో మొదలుపెట్టారు: లేవగానే పక్కింటికి ఒక సూర్యుడి బొమ్మో, పువ్వుల బొమ్మో పంపడం, "తెల్లారింది" అని. బొమ్మ రాకపోతే పోయి తలుపు తట్టి చూడాలి. ఆనవాయితీ అలా పుట్టింది. తర్వాత పైన ఉన్న పెద్ద యంత్రం ఎండకు కాలిపోయి మస్టర్ అనే హాజరు పట్టీ మొత్తం ఎగిరిపోయేసరికి, మస్టర్ ఆఫీసువాళ్లు ఈ బొమ్మలనే హాజరుగా పట్టుకున్నారు. ఎవరి హాజరు వాళ్ల ఫోన్‌లో ఉంటే చెల్లదు, సాక్షి ఫోన్‌లో ఉండాలి. నేను తొమ్మిది మందికి సాక్షిని. ఆరేళ్లుగా తొమ్మిది మంది రోజూ పంపిన బొమ్మలు నా ఫోన్‌లో ఉన్నాయి.

మే 31న పెద్ద మస్టర్. ఆరేళ్లకొకసారి జరుగుతుంది. ఎవరి రోజులు తక్కువైతే వాళ్లు వరసలో వెనకబడి, కింద చోటు చాలక మొదటి మట్టానికి పోవాలి. మొదటి మట్టం అంటే నెత్తిన నాలుగు గజాల మట్టి, దాని పైన ఎండ. పోయినసారి పైకి వెళ్లినవాళ్లలో అరవై దాటినవాళ్లు ఆరుగురు. మొదటి ఎండాకాలం దాటింది ఒక్కరు.

మే 6

తొమ్మిది మందిలో ఎనిమిది మందివి కలిపి ఇరవై జీబీలు. ఓదేలు కాక ఒక్కడివే పదకొండు.

ఓదేలు కాకకు డెబ్భై ఒకటి. బాయి బొగ్గు బాయిగా ఉన్న రోజుల్లో వాళ్ల నాయన పనిచేశాడు. కాక మా ఇళ్లున్న సొరంగం, అదే మా గ్యాలరీ చివర, ఊటనీళ్లు కారే గోడ దగ్గర, రెండు దీపాలు వేలాడదీసి తోటకూర పెంచుతాడు. రోజూ ఒక దీపం మార్చుకోవడానికి నా దగ్గరికి వస్తాడు, పోతూ పోతూ ఒక కట్ట ఇచ్చిపోతాడు. ఆయనకు ఇద్దరు సాక్షులుండాలి. రెండో సాక్షి చంద్రమౌళి ఫోన్ ఉగాదినాడు ఆరిపోయి మళ్లీ వెలగలేదు. ఇప్పుడు కాక ఆరేళ్లూ నా ఒక్కదాని దగ్గరే ఉన్నాయి.

ఈయన బొమ్మ మిగతావాళ్ల బొమ్మల్లా అరచేతిలో ఇమిడేది కాదు. తాను స్వయంగా తీసిన ఫొటో, ఐదు ఎంబీలు. కిందికి దిగిన రోజు పొద్దున కాలనీలో తీశాడట. బొగ్గు మోసే టబ్బు అంచు మీద ఎర్ర కోడిపుంజు, మెడ చాచి, వెనక అప్పుడప్పుడే వస్తున్న వెలుగు. ఆరేళ్లుగా రోజూ అదే. నేను ఎన్నిసార్లు వేళాకోళం చేశానో.

"ఏం కాకా, ఇయ్యాల గూడ కోడేనా?"

"మరి తెల్లారిందని ఎవలు చెప్తరు బిడ్డా? గులాబీ పువ్వు చెప్తదా?"

దీపం మార్చి చేతికిచ్చాను.

మే 8

కాక బొమ్మలు వేరే ఫోన్‌లోకి మారుద్దామని పక్కింటి వసంత ఫోన్‌లోకి ఒకటి పంపి చూశాను. బొమ్మ వెళ్లింది, తేదీ వెళ్లలేదు. ఆరేళ్ల కిందటి కోడి ఈరోజు కోడి అయి కూర్చుంది. ఆరేళ్లు మొత్తం పంపితే అన్నీ ఒకే రోజువి అవుతాయి. వెంటనే ఆపేశాను.

మస్టర్ ఆఫీసుకు పోయి అక్కడి గుమాస్తా నరహరిని అడిగాను, కాక ఒక్కడి లెక్క ముందే తీసుకొమ్మని.

"మస్టర్ మిషన్ ముప్పై ఒకటినాడే ఆన్ చేస్తరక్కా. దానికి మీ ఫోన్‌ల కొత్త అప్‌డేట్ ఉండాలె."

"అప్‌డేట్ ఎయ్యాలంటే చోటు లేదు. చోటు కావాలంటే బొమ్మలు తియ్యాలె. బొమ్మలు తీస్తే మస్టర్ పోతది. మరి నేనేం చెయ్యాలె?"

"తలుపులోళ్లను అడుగక్కా. అది వాళ్లది, మాది గాదు."

తలుపులవాళ్లను అడిగాను. బొమ్మల సంగతి మస్టర్‌వాళ్లను అడగమన్నారు. రెండు ఆఫీసులకూ మధ్య ఒకటే గోడ, ఆ గోడకు తలుపు లేదు.

మే 11

నా సొంత సరుకు ఆరు జీబీల వరకు తీసేశాను. ముందు వంటల వీడియోలు. తర్వాత పాటలు, రెండు వందల పైచిలుకు. తర్వాత నాలుగేళ్ల బతుకమ్మ ఆటల వీడియోలు, ఆ పూలన్నీ కాగితం పూలే అయినా సరే, నేను ఆడినవి. చివరికి లెక్కలు కూడే యాప్ కూడా. దీపాల లెక్క ఇక వేళ్ల మీదే.

తీసేశాక చూస్తే ఒక్క ఎంబీ కూడా పెరగలేదు. తీసేసినవి చెత్తబుట్టలో ముప్పై రోజులు ఉంటాయట, నా మనసు మారుతుందేమోనని. నా మీద ఎంత దయో. బుట్ట నా చేత్తో ఖాళీ చేశాను. ఇప్పుడు ఖాళీ ఆరు పాయింట్ నాలుగు. ఇంకా రెండు పాయింట్ ఆరు కావాలి.

చోటు ఖాళీ చేసే యాప్ ఒకటుందని వసంత చెప్పింది. అది దించుకోవడానికి మూడు జీబీలు కావాలి. దానిజోలికి పోలేదు.

మే 14

ఈ రోజు చేసినంత తెలివితక్కువ పని నా జన్మలో చేయలేదు. గ్యాలరీ గ్రూపులో ఒక మాట పెట్టాను: "నా ఫోన్‌లో చోటు లేదు. దయచేసి అవసరం లేనివి ఏవీ పంపకండి."

మా గ్యాలరీ జనం మంచివాళ్లు. అదే వచ్చిన చిక్కు. రెండు నిమిషాల్లో "అయ్యో పాపం" అని ఏడుపు బొమ్మలు, "ధైర్యంగా ఉండక్కా" అని చేతులు జోడించిన బొమ్మలు, దీపం బొమ్మలు. ఆ తర్వాత వసంత ఒక వీడియో పంపింది: "ఫోన్‌లో చోటు ఖాళీ చేసుకోవడానికి ఐదు చిట్కాలు." నలభై ఎనిమిది ఎంబీలు. నాకు అందిందో లేదోనని రాజనర్సు పంపాడు. వాళ్లావిడ పంపింది. మధ్యాహ్నానికి అదే వీడియోను నలభై ఒక్క మంది పంపారు.

"అక్కా, నేను పంపింది సూసినవా?" అని వసంత లాంప్ రూమ్ కిటికీలోంచి తల పెట్టింది.

"సూసిన. మొదటి చిట్కా ఏందో ఎరికేనా? వచ్చిన వీడియోలు తీసేయమని."

"మంచి చిట్కానే గదక్కా," అంది. నిజంగా సంతోషించి పోయింది.

ఖాళీ నాలుగు పాయింట్ నాలుగుకు పడిపోయింది.

మే 17

మూడు రోజులుగా ఆ వీడియోలను ఒక్కొక్కటే తీస్తున్నాను. తీసిన చోటే మళ్లీ కనిపిస్తున్నాయి. గ్రూపులో ఒకటి, ఫొటోల్లో ఒకటి, ఇంకెక్కడో ఒకటి. నా వేలు నొప్పి పుట్టింది.

కాక వచ్చాడు దీపం కోసం. నా ముఖం చూసి కూర్చున్నాడు.

"నా కోడి వల్లనేనా బిడ్డా నీకీ తిప్పలు?"

"నీ కోడి ఒక్కటే గాదు కాకా."

"చిన్నగ చేసి పంపొచ్చంట గదా. నాకు రాదాయె. సగం తీసెయ్ బిడ్డా. మూడేండ్లు ఉంటే సాలదా?"

చాలదని ఆయనకూ తెలుసు. పైనున్న వేడికి ఆయన ఊపిరి ఎన్నాళ్లు నిలుస్తుందో నాకూ తెలుసు. ఒక్క కోడిని కూడా తీయనని చెప్పాను. తోటకూర కట్ట బల్ల మీద పెట్టి పోయాడు. ఆయన పోయాక కాసేపు ఏడ్చాను, ఎవరూ దీపానికి రాని వేళ చూసి.

మే 19

అయిపోయింది. గండం గడిచింది.

పొద్దున ఫోన్ తనంతట తానే అడిగింది: "ఒకేలాంటి ఫైళ్లు చాలా ఉన్నాయి. ఒకటి ఉంచి మిగతావి తీసేయమంటారా?" పక్కన వసంత వీడియో బొమ్మ చూపించింది. ఇన్నాళ్లకు నా బాధ దీనికి అర్థమైందనుకున్నాను. "సరే" నొక్కాను. ఉలవచారు పొయ్యి మీద ఉంది, అది పొంగేలోపు పని అయిపోయింది. పదమూడు జీబీలు ఖాళీ.

రెండు వస్తాయనుకుంటే పదమూడు వచ్చాయి. ఆ పాడు వీడియో ఎన్నిచోట్ల దూరిందో అనుకున్నాను. చోటు దొరికిన మనిషి లెక్క అడుగుతుందా? నేను అడగలేదు. వెంటనే అప్‌డేట్ వేశాను. అది వేసుకుంటూ చెత్తబుట్ట కూడా తానే ఖాళీ చేసింది. మూడు తలుపులకూ ఆనించి చూశాను, మూడూ తెరుచుకున్నాయి. ఇంకా ఎనిమిది జీబీలు మిగిలే ఉన్నాయి. ఉలవచారు కాకకు కూడా ఒక గిన్నె ఇచ్చి వచ్చాను.

మే 20

పొద్దున ఎనిమిది బొమ్మలు వచ్చాయి. కోడి రాలేదు.

చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికాను. ఆరేళ్లలో ఒక్కరోజూ తప్పని మనిషి. దారిలో రెండు తలుపులు, ఒక్కోటి తెరుచుకునేలోపు నా ప్రాణం పోతోంది. చూస్తే ఆయన మడి దగ్గర గొంతుక్కూర్చుని తోటకూర నారు సరిచేస్తున్నాడు.

"ఏంది బిడ్డా గిట్ల ఉరికొచ్చినవ్?"

"కోడి రాలే కాకా."

"పంపిన్నే. అందిందని గూడ అచ్చింది, సూడు."

ఆయన ఫోన్ తీసుకుని చూశాను. "వారి దగ్గర ఇప్పటికే ఉంది" అని ఉంది. నా ఫోన్ తీశాను. "ఓదేలు పంపిన బొమ్మ ఇప్పటికే మీ దగ్గర ఉంది. మళ్లీ దాచలేదు."

అప్పుడు అర్థమైంది. ఆ తడి నేల మీదే కూర్చున్నాను. కాక పేరు నొక్కి చూశాను. నిన్నటిదాకా రెండు వేల రెండు వందల నాలుగు బొమ్మలుండేవి. ఇప్పుడు ఒకటుంది, మొట్టమొదటి రోజుది. ఫోన్ తప్పేమీ చేయలేదు. ఒకటి ఉంచి మిగతావి తీసేసింది, నేను సరేనన్నాను.

ఆయనకు అక్కడే చెప్పేశాను. దాచితే నాకు అన్నం దిగేది కాదు. కాక నారు వేర్ల నుంచి మట్టి దులుపుతూ ఉన్నాడు.

"దినానికో కోడి గాదు బిడ్డా అది," అన్నాడు చివరికి. "దినానికో దినం. అన్ని దినాలు ఒక్కతీరుగనే ఉండె, నేనేం జెయ్యాలె?"

మే 21

నరహరి నా ఫోన్‌ను తన బల్ల మీది చిన్న మిషన్‌కు ఆనించి చూశాడు; అది రోజులు చూపిస్తుంది, ఎక్కించుకోదు.

"ఓదేలు, ఒక్క దినం."

"నేను సాక్షిని. ఆరేండ్లు చూసిన. ప్రమాణం చేస్త."

"నోటిమాట మస్టర్‌ల పడదక్కా."

ఈ రిజిస్టరే ముందుకు తిప్పి చూపించాను. ప్రతి రోజూ కాక తీసుకున్న దీపం నంబరు, పక్కన వేలిముద్ర. ఇలాంటివి ఇంకా నాలుగు రిజిస్టర్లున్నాయని చెప్పాను. అతను ఓపికగా పేజీలు తిప్పాడు. చెడ్డవాడు కాదు, అతని కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

"కాగితానికి ఇందుల గడి లేదు," అని తెర నా వైపు తిప్పి చూపించాడు. నిజంగానే లేదు.

గ్యాలరీ మొత్తం వచ్చి ఆఫీసు ముందు నిలబడింది. వసంత తానే గొంతు చించుకుని అరిచింది, తన వీడియో వల్లనే ఇదంతా అని. నలభై ఒక్క మందీ తలా ఒక అర్జీ పెట్టుకున్నారు. అందరి అర్జీలూ ఒకేలా ఉన్నాయని అర్జీల మిషన్ ఒకటే తీసుకుంది.

మే 27

మిగిలిన రోజులైనా పడాలని కాకతో వేరే వేరే బొమ్మలు తీయిస్తున్నాను. సగం మసకగా వస్తాయి. తోటకూర నారు. ఆయన చెంబు. గోడ మీద కారే ఊట. మొన్న తన పాదాలు రెండూ తీసి పంపాడు. నిన్న నన్నే తీశాడు, లాంప్ రూమ్ కిటికీలో మూతి ముడుచుకుని ఉన్నాను. ఆరేళ్లలో ఆయన ఇంటి లోపల ఏముందో నేనెప్పుడూ చూడలేదు, ఇప్పుడు రోజుకొకటి చూస్తున్నాను.

"మంచిగున్నయా?" అని అడుగుతాడు.

"మంచిగున్నయి కాకా."

"కోడి అంత లేవు తియ్," అంటాడు.

మే 31

పెద్ద మస్టర్ అయింది. ఓదేలు, పదకొండు రోజులు. మొత్తం మూడో మట్టంలో అందరికన్నా కింద ఆయన పేరు. మిగతా ఎనిమిది మందీ భద్రం.

జూన్ 2

కాకను పైకి పంపే రోజు. ఆయన ఫోన్‌కు తలుపులు తెరుచుకోవడం నిన్ననే ఆగిపోయింది. అందుకని నా ఫోన్ నేనే ఆనించాను, ఐదు తలుపులకు ఐదుసార్లు. ఒక్కోటి మర్యాదగా తెరుచుకుంది. ఆ అప్‌డేట్ చాలా బాగా పనిచేస్తోంది.

ఆఖరి తలుపు సందులోంచి వేడి ముఖానికి కొట్టింది. కాక చేతిలో చెంబు, చంకలో దుప్పటి.

"మడికి నీళ్లు మర్వకు. పొద్దున కోడి పంపుత, సూస్కో."

"అది రాదు గద కాకా. ఉందంటది."

"ఉందనే చెప్పనీ. నేనున్నట్టే గదా."

జూన్ 7

రోజూ పొద్దున ఐదుంబావుకు వస్తోంది. "ఓదేలు పంపిన బొమ్మ ఇప్పటికే మీ దగ్గర ఉంది. మళ్లీ దాచలేదు." దాని కోసమే నాలుగున్నరకు లేచి కూర్చుంటున్నాను. వచ్చాక మడికి నీళ్లు పోసి, దీపం మార్చి వస్తున్నాను. ఇంతకుముందు ఎనిమిది పువ్వులకూ లేని వెలుగు ఆ ఒక్క ముక్కకు ఉంది.

నిన్న ఆరు దాటాక వచ్చింది. పై మట్టం లోపలే నలభై ఆరు డిగ్రీలు ఉందని పంపు దగ్గర అనుకున్నారు.

జూన్ 11

ఇవాళ ఎనిమిది బొమ్మలు వచ్చాయి. ఉందన్న మాట రాలేదు.

ఏడింటి వరకు చూశాను. తెల్లారు బొమ్మ రాకపోతే పోయి చూడాలి. వసంత కూడా నాతో వచ్చింది, దారిపొడవునా ఒక్క మాట మాట్లాడలేదు. మొదటి మట్టం తలుపుకు ఫోన్ ఆనించాను. కాకను పంపిన రోజు అడగలేదు కానీ, ఇవాళ ఎవరిని చూడడానికని అడిగింది. జాబితాలో కాక పేరు లేదు. పై మట్టంవాళ్ల పేర్లు ఇంకా ఎక్కించలేదట, నెలాఖరుకు ఎక్కిస్తారట. తలుపును ఇద్దరం చేతులతో కొట్టాం. అది గాలి తలుపు, చప్పుడు అవతలికి పోదు.

వచ్చి లాంప్ రూమ్‌లో కూర్చున్నాను. నా ఫోన్‌లో ఎనిమిది జీబీల ఖాళీ ఉంది. కోడి ఒకటుంది, మొదటి రోజుది. దాన్నే తీసి కాకకు పంపాను. ఆయన దగ్గర ఆ బొమ్మ ఎలాగూ ఉంది కాబట్టి, ఫోన్ వెలుగుతూ ఉంటే ఉందని చెప్పాలి.

పదకొండైంది. ఉందని చెప్పలేదు.